గోదావరి గండిలోని గూడెములు

బెంగుళూరు మహానగరమునకు తనదని చెప్పుకొనదగిన జీవనది యొకటి లేదు. నూరు కిలోమీటర్ల దూరమున ప్రవహించు కావేరి జలమును తొరెకాడనహళ్ళి వద్ద గ్రహించి, ఐదువందల మీటర్లకు పైబడిన యెత్తునకు యంత్రములచే తోడించి, గొట్టములలో ప్రవహింపజేసికొని యీ పురము దప్పి తీర్చుకొనుచున్నది. కనుకనే యిచ్చట స్థిరపడిన తెలుగువారికి నదియనగా తలపున మెదలునది చాలవరకు స్వగ్రామమునకు పోవు దారిలో రైలు దాటు వంతెన. కాకినాడకు పోవు శేషాద్రి ఎక్స్‌ప్రెస్సు రాజమహేంద్రవరము సమీపించుచుండగా నిద్రకన్నులతో నున్న ప్రయాణికులు కిటికీలకడ చేరుదురు. దాదాపు మూడు కిలోమీటర్ల వెడల్పున పరచుకొన్న గోదావరిని చూచి చేతులు జోడింతురు. కొందరు నాణెములు విసరుదురు. వారి చూపు మిక్కిలిగా దక్షిణమునకే పోవును, ఏలయన ధవళేశ్వరపు ఆనకట్టయు, కోనసీమ కొబ్బరితోటలును, మన కవులును కథకులును వేనోళ్ళ పొగడిన పల్లెటూళ్ళును అటువైపుననే యున్నవి. ఉత్తరమున, నది వచ్చు దిక్కున, ఆకసమునకును నీటికిని నడుమ నీలపుగీతవలె కనబడు కొండల వెనుక ఎవరున్నారో, వారి చరిత్రమేమో విచారించువారు అరుదు. ఆ ఉత్తరసీమను చూచి రావలెనను కోరిక నాకు బహుకాలముగా నుండెను. అది తీరుసరికి ఆ సీమలో సగము నీటి యడుగునకు చేరియుండెను.

పూర్వము పాపికొండలనబడు ఆ కొండలకు పోవు లాంచీలు రాజమహేంద్రవరమునుండియు, పట్టిసీమకెదురుగా నున్న పురుషోత్తపట్టణము రేవునుండియు బయలుదేరెడివి. ఇప్పుడు పోలవరమువద్ద నలువదియెనిమిది గేట్ల స్పిల్‌వే నదికి అడ్డముగా లేచి జలమార్గమును రెండు ఖండములు చేసినది. కావున యాత్రికులు మెట్టదారిని చుట్టివచ్చి, దేవీపట్నపు మండలములో గండిపోచమ్మ గుడివద్ద లాంచి యెక్కవలయును. 2021 జూన్ నెలలో నదిని స్పిల్‌వే మీదుగా మళ్ళించిన నాటినుండి, కాఫర్‌డ్యాము వెనుక నిలిచిన నీరు వరదకాలమునందు ఈ యమ్మవారి గుడిని సైతము ముంచుచున్నది. గండియనగా కొండలను చీల్చుకొని నది వెలువడు ద్వారము. ఆ ద్వారమునకు కాపున్న దేవత గనుక ఈమె గండిపోచమ్మ. లోపలికి పోవు ప్రతి పడవవాడును, మరపడవ నడపు సరంగు మొదలుకొని దోనె త్రోసికొను వాడబలిజ యువకుని వరకును, ఒకసారి ఆమె వైపు తిరిగి దండము పెట్టకుండ పోడు.

ఆ దండము వెనుక భక్తియే కాక భయమును కలదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన, వరద పోటు మీద నున్నప్పుడు, కచ్చులూరు సమీపమున విహారయాత్రికులతో నిండిన లాంచి సుడిలో చిక్కి తలక్రిందులై, పెక్కుమందిని పొట్టన పెట్టుకొన్న సంగతి పాఠకులు మరచియుండరు. మునిగిన పడవను బయటికి తీయుటకు బహుప్రయత్నములు సాగినవి. తుదకు అక్టోబరు 22న దానిని గట్టుకు చేర్చినవారు కాకినాడకు చెందిన ధర్మాడి సత్యముగారి బృందము. ఇనుపత్రాళ్ళును, కొక్కెములును, నీటి నడకను ఎరిగిన అనుభవమును తప్ప వారికి వేరు బలము లేదు. కచ్చులూరు మందమని పిలువబడు ఆ మలుపును గూర్చి, అచ్చట నది అడుగున నున్న రాతిపడెలను గూర్చి, తీరపు గూడెములవారు తరతరములుగా ఎరుగుదురు. వరదనాడు ఆ మలుపున పడవ వేయరాదని వారికొకరు చెప్పనక్కరలేదు. వారి మాటను అడిగి తెలిసికొను ఆచారము మాత్రము మనకు అలవడలేదు. ఈ నదిని గూర్చి మనము చేసిన పనులలో నూటికి తొంబదింటికి ఈ దోషము కలదని నా యభిప్రాయము. దానికి నిదర్శనములు ఈ యాత్రలో అడుగడుగునను నాకు తారసిల్లినవి.

దేవీపట్నము దాటిన పిమ్మట నది క్రమక్రమముగా సన్నగిల్లజొచ్చును. మైదానమున మైళ్ళకొలది విస్తరించిన జలరాశి ఇచ్చట రెండు కొండల నడుమ కొన్నివందల గజములకు కుదించుకొని, వెడల్పున కోల్పోయినదానిని లోతున రాబట్టుకొని, చప్పుడు లేక నల్లగా సాగును. ఒక మలుపు తిరుగగానే వచ్చిన దారి మూసికొనిపోయి, పోవలసిన దారి కానరాక, పడవ ఒక కొలనిలో చిక్కినట్లు తోచును. మరల కొండలు రెండును ప్రక్కకు ఒత్తిగిలి తావిచ్చును. ఇరుదరులను వెదురుపొదలు, టేకు, మద్ది, విప్ప, మామిడి. వానికి పైన కొండచరియలమీద జీలుగుచెట్లు. 2008లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన ఈ యడవి వేయి చదరపు కిలోమీటర్లకు పైబడి విస్తరించినది, అడవిదున్నలకిది ఆటపట్టు.

ఈ కొండలలో నివసించువారు కొండరెడ్లు. నదికి ఎగువను, పల్లపు నేలలందును కోయలు. కోయలకు తమదైన భాష కలదు. కొండరెడ్ల మాతృభాష తెలుగే. ఈ సంగతిని నేను ఒత్తి చెప్పుచున్నాను, ఏలయన విశాఖపట్టణము మొదలు బెంగుళూరువరకు గల నాగరకులమగు మనము వారిని అన్యులుగా భావింతుము గాని, వారి నోట వినవచ్చు తెలుగు మన తాతముత్తాతల తెలుగు. మనము పుస్తకములందు మాత్రమే చూచు మాటలు కొన్ని అచ్చట నిత్యవ్యవహారమున బ్రతికియున్నవి. వారి ప్రధానవృత్తి పోడు. వేసవికి ముందు కొండవాలున పొదలు నరికి, ఎండిన పిదప కాల్చి, తొలకరికి ఆ బూడిదనేలలో పుల్లతో గుంటలు పొడిచి జొన్న, సామ, కంది చల్లుదురు; రెండుమూడేండ్లకు సారము తగ్గగానే ఆ చెక్కను విడిచి వేరొకదానికి పోయి, అడవి తిరిగి పెరుగునంతవరకు దాని జోలికి పోరు. గింజలు నిండుకొను వానకాలమునందు మామిడిటెంకలలోని జీడిని దంచి, పారు సెలయేటిలో నానవైచి, వగరు వదలిన పిమ్మట అంబలి కాచుకొందురు. జీలుగుకల్లు వారికి ఆహారమును పానీయమును గూడ. చెట్టు కూలినచో దాని దవ్వను దంచి పిండి తీసికొందురు. ఏ పంటయైనను, ఏ పండైనను ఊరివారెల్లరు చేరి కొత్తల పండుగ చేసి దేవతకు సమర్పింపకమున్ను నోట బెట్టరు. మామిడి పండినది కదాయని ఒక బాలుడు తొందరపడి కోసినచో తప్పు పెద్దలమీదికే వచ్చును. ఒక కాయ పక్వమగువరకు ఊరంతయు ఆగియుండు ఈ కట్టుబాటు అడవిని కాపాడుటకు చేసిన చట్టములలో దేనికిని తీసిపోదు.

పేరంటాలపల్లి రేవున దిగినప్పుడు, వెదురును సన్నగా చీవి పూలగుత్తులుగా చేసి అమ్ముచున్న స్త్రీల నడుమ ఒక వృద్ధుడు కూర్చుండియుండెను. ప్రక్కన కూర్చుండి, ఊరిని గూర్చి అడిగితిని. ఆయన చాలసేపు మాటలాడలేదు. పిదప నదివైపు చూపుచు, "ఈ ఏరు మమ్మల్ని చానా సార్లు లేపింది బాబూ. లేపినా నీళ్ళు తీశాక మళ్ళీ దింపేది. ఇప్పుడు లేపుతున్నది గాని దింపేది లేదంట" అనెను. "ఎక్కడికి పొమ్మన్నారు తాతా?" యని నేనడుగగా, "తాడువాయి కాడ కాలనీ కట్టారు. ఇల్లు బాగానే ఉంటది. కొండ లేదు" అని ఊరకుండెను.

ఈ పేరంటాలపల్లిలో గోదావరి కెదురుగా, కొండధార జాలువారు చోట, శివాలయమును ఆశ్రమమును కలవు. గత శతాబ్దపు పూర్వార్ధమున బాలానందస్వామి యను సాధువు ఇచ్చట నిలిచి, కొండరెడ్ల కష్టసుఖములలో పాలుపంచుకొని, కలపవర్తకుల దోపిడినుండి వారిని కాపాడ యత్నించెను. ఆ దోపిడి యెట్టిదో తెలియగోరువారు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త 1945లో ప్రకటించిన గ్రంథమును చదువవలెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఆయన నిజాము రాజ్యములో నిలిచి, చెంచులను, కొండరెడ్లను, రాజగోండులను వారి గూడెములలోనే యుండి పరిశీలించెను. కొండమీద పోడు చేసికొని ఎవరికిని లొంగక బ్రతికిన రెడ్లు, నదీతీరమునకు దిగి వర్తకుల వెదురుకూపులలో కూలికి కుదిరిన పిదప, అప్పులలో చిక్కి, నరికిన వెదురుకు లెక్కయెంతయో, తమకు రావలసినదెంతయో తెలియనివారై, తమ యడవిలో తామే పాలేరులైన విధమును ఆయన వ్రాసియుంచెను. ఆ వెదురంతయు తెప్పలుగా కట్టబడి నీటివాలున రాజమహేంద్రవరము చేరెడిది. అచ్చటి కలపయడితుల కలిమికి మూలము ఈ గండిలోని వెట్టిచాకిరియని చెప్పుట ఎవరికైన కటువుగా తోచునేమో గాని, అది సత్యము.

ఆనాడు ఈ గండిలో నదియే రాజ్యముల సరిహద్దు. కుడిగట్టు నిజాముది, ఎడమగట్టు ఆంగ్లేయులది. ఎడమగట్టు చరిత్ర మరింత చిత్రమైనది. భద్రాచలము, రేకపల్లి తాలూకాలను 1860లో నిజాము ఆంగ్లేయులకు ఇచ్చివేసెను. వారు వానిని మధ్యపరగణాలలో చేర్చిరి. 1874లో అవి మద్రాసు రాజధానికిని గోదావరి జిల్లాకును మారినవి. 1953లో ఆంధ్రరాష్ట్రములోనికి, 1959లో ఖమ్మము జిల్లాలోనికి వచ్చినవి. 2014లో తెలంగాణము ఏర్పడిన వెంటనే, పోలవరపు ముంపునకు లోనగు మండలములను పార్లమెంటు చట్టమువలన ఆంధ్రప్రదేశమునకు మార్చిరి. 2022 ఏప్రిల్‌లో కూనవరము, చింతూరు, వరరామచంద్రాపురము అల్లూరి సీతారామరాజు పేర వెలసిన జిల్లాలోనికిని, కుక్కునూరు, వేలేరుపాడు ఏలూరు జిల్లాలోనికిని చేరినవి. నాగపురము, మద్రాసు, కర్నూలు, హైదరాబాదు, అమరావతి — ఇన్ని రాజధానులనుండి ఈ గూడెములకు ఉత్తరువులు వచ్చినవి. గూడెములు మాత్రము కదలలేదు, కదలినవన్నియు గీతలే. ఏ గీత గీయునప్పుడును గట్టుననున్నవారి సమ్మతిని ఎవరును కోరలేదు.

గీత మారినప్పుడెల్ల బ్రతుకును మారెడిది. మధ్యపరగణాల యేలుబడిలో రేకపల్లివారు పోడునకు గొడ్డలికి ఇంతయని స్వల్పమగు పన్ను కట్టి, చేయగలిగినంత మేర నరకికొనెడివారు. మద్రాసు ప్రభుత్వము వచ్చి ఆ పన్నును మూడింతలు చేసి, కొన్ని యడవులలో పోడునే నిషేధించెను. ఆవలి రంపదేశమున ఆ సీమ నేలు మన్సబుదారు కల్లుమీద చిగురుపన్ను విధించెను. మైదానపు వర్తకులు అప్పుపత్రములు చేతబట్టి, ఈ కొండవారు కనివిని యెరుగని దూరపు కోర్టులలో డిక్రీలు పొంది, పశువులను ధాన్యమును జప్తు చేయించిరి. పోలీసులు వారికి తోడైరి. 1879 మార్చిలో రంప రగిలెను. ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్నదొర నాయకులైరి. జూలై నాటికి మంట ఈ గండిని దాటి రేకపల్లికి ప్రాకగా అచ్చట అంబుల్ రెడ్డి ముందు నిలిచెను. కొండవారిమీదికి మద్రాసు పటాలములు దండెత్తవలసివచ్చెను. చంద్రయ్య 1880లో హతుడయ్యెను. మన్సబుదారు పదవి పోయెను. నలువది రెండేండ్ల పిమ్మట, 1922 ఆగస్టు 22న, చింతపల్లి పోలీసుఠాణాపై పడి తుపాకులు గైకొన్న అల్లూరి సీతారామరాజు కథను తెలుగు బాలుడెవ్వడును ఎరుగకపోడు. అంబుల్ రెడ్డి పేరు వినినవారు ఎందరు? బడిపుస్తకమున రామరాజునకు ముందు ఒక్క పుట వీరికి కేటాయించియున్నచో, 1922 ఒక్క వీరుని ఆవేశమున పుట్టినది కాదనియు, అడవిమీది హక్కునకై తరతరములు సాగిన పోరులో అదియొక ఘట్టమనియు మన పిల్లలకు బోధపడియుండును.

ఆంగ్లేయులలోను ఈ నదిని వేరొక దృష్టితో చూచినవాడు లేకపోలేదు. 1852లో ధవళేశ్వరపు ఆనకట్టను పూర్తిచేసిన సర్ ఆర్థర్ కాటన్ దొర, గోదావరిమీదుగా వార్ధా ప్రాంతపు ప్రత్తిని పడవలపై సముద్రమునకు చేర్పవలెనని సంకల్పించెను. నదిలోని మూడు రాతియడ్డంకులను దాటించుటకై, హేగ్ అను ఇంజినీరు ఆధ్వర్యమున కాలువలు, లాకులు కట్టనారంభించిరి. భద్రాచలమునకు ఎగువ దుమ్ముగూడెమువద్ద కట్టిన ఆనకట్ట నేటికిని నిలిచియున్నది. మన్యపు జ్వరములును, పెరుగు వ్యయమును, దేశమున వ్యాపించుచున్న రైళ్ళును కలిసి 1871లో ఆ పనిని విడిపించినవి. కాటన్ మహాశయునియందు నాకు గల భక్తి గోదావరి జిల్లాల రైతుకు గల భక్తికి తక్కువది కాదు. అయినను ఆయన పటములలో సైతము ఈ గండి ఒక అడ్డంకి. దానిలో మనుష్యులుండిరను గణన మిక్కిలి స్వల్పము.

కూనవరము చేరునప్పటికి కొండలు తొలగి ఆకసము విశాలమగును. ఒడిశా కొండలలో కొలాబుగా పుట్టి, దారిలో సీలేరును కలుపుకొని వచ్చిన శబరి ఇచ్చట గోదావరిలో లీనమగును. ఈ సంగమమే కూనవరపు భాగ్యము, ఈ సంగమమే దాని ఆపద. గోదావరి పోటుమీద నున్నప్పుడు శబరికి దారి చిక్కక వెనుకకు తన్నును. అప్పుడు చింతూరు వరకు పల్లెలు జలమయములగును. భద్రాచలమువద్ద 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు నీరు లేచినప్పుడు ఈ మండలముల వారు కొండగుట్టలమీద టార్పాలిను కప్పుల క్రింద కాలము గడపిరి. నేను చూచిన ఇండ్లలో గోడలమీద బురదచార నిలువెత్తునకు పైన ఇంకను చెరగలేదు. అట్టి ఇంటి యరుగుపై కూర్చుండి ఒక ఇల్లాలు నాకు చింతపండు కొట్టి చూపించినది. గిరిజన సహకార సంస్థవారు కొందురట. 1956లో స్థాపింపబడిన ఆ సంస్థ వచ్చినతరువాత వర్తకుని తప్పుడు తూకముల బాధ చాలవరకు తగ్గినదని ఆమెయే చెప్పినది. మేలు జరిగినచోట దానిని చెప్పుట ధర్మము. 1959లో వచ్చి, 1970లో బిగింపబడిన భూబదలాయింపు నిబంధన సైతము అట్టి మేలే: ఏజెన్సీలోని భూమిని గిరిజనేతరులు కొనరాదని అది శాసించుచున్నది. అది యెంత బలహీనముగా అమలైనను, అదియే లేకున్నచో ఈ తీరమున కోయవానికి కాలు మోపుటకు చోటు మిగిలియుండెడిది కాదు.

ఇక పోలవరము. గోదావరికి ఇచ్చట పెద్దయానకట్ట కట్టవలెనను ఆలోచన 1941 నాటిది. రామపాదసాగరమను పేర అది బహుకాలము కాగితములమీద నిలిచెను. పిదప శంకుస్థాపన జరిగెను. 2014లో జాతీయప్రాజెక్టు అయ్యెను. పూర్తి నీటిమట్టము 45.72 మీటర్లు. అంతవరకు నీరు నిలిపినచో స్థానభ్రంశము పొందు కుటుంబములు లక్షకు మించును. వారిలో సగమునకు పైగా గిరిజనులు. డెల్టాలో సాగును, విశాఖలో పరిశ్రమలును, కృష్ణాతీరమున దప్పియు తీర్చగల ఈ నిర్మాణము నిష్ప్రయోజనమని నేననను. నీరు దూరమునుండి తెచ్చుకొను నగరమున నివసించు నాకు అట్లనుటకు నోరు రాదు. ప్రయోజనము పొందువాడొకడు, ఇల్లు విడుచువాడొకడు అయినప్పుడు, విడుచువానికి చేయవలసినది దయగా గాక ఋణముగా లెక్కింపవలెనని మాత్రము నా వాదము. ఆ ఋణమును చట్టము అంగీకరించినది కూడ. 2013 నాటి భూసేకరణ చట్టపు 41వ విభాగము, షెడ్యూల్డు తెగలవారిని సాధ్యమైనంతవరకు అదే షెడ్యూల్డు ప్రాంతమున, ఒక్కచోట, వారి భాషాసంస్కృతులు చెదరకుండునట్లు పునరావాసము కల్పింపవలెనని చెప్పుచున్నది. 2006 నాటి అటవీహక్కుల చట్టము ఆదిమతెగలకు తమ ఆవాసప్రాంతము మొత్తముపై సామూహిక హక్కును గుర్తించుచున్నది. కొండరెడ్లు ఆ తెగలలో చేరినవారు.

నేను చూచిన పునరావాసకాలనీలో ఇండ్లు వరుసలు తప్పక, రోడ్లు వంకర లేక యున్నవి. జీలుగుచెట్టు లేదు, వాగు లేదు, కొత్తల పండుగ చేయుటకు ఊరి దేవత రాయి లేదు. మగవారు కూలిపనులకు పోయిరి. కొందరు వృద్ధులు నీరు తగ్గిన నెలలలో పాతయూరికి తిరిగిపోయి, ఎత్తున మిగిలిన చెక్కలో జొన్న చల్లుకొని, వరద తలచూపగానే మరల వచ్చుచున్నారట. నష్టపరిహారము చేరినవారును, దినములు లెక్కించుచున్నవారును ఒకే వీధిలో కలరు.

ఈ విషయమున చేయదగిన పనులు ఇంకను మిగిలియున్నవి, వానికి కాలము మించిపోలేదు. భూమికి బదులు భూమిని, అదియు కొండకు చేరువగా ఇచ్చుట ప్రభుత్వము చేయవలసిన పని. కొండరెడ్ల ఆవాసహక్కును, ఆనకట్ట యెత్తు తుదిమట్టమునకు చేరకమున్నే, వ్రాతమూలకముగా గుర్తించుట దానికి ముందు చేయవలసినది. మునిగిన ప్రతి గూడెము పేరును, దాని పూజారుల, పెద్దకాపుల వంశములను, పోడుచెక్కల పేర్లను, కొత్తల పండుగ క్రమమును, ఇంకను బ్రతికియున్న వృద్ధుల నోటనుండి సేకరించి భద్రపరచుట మన విశ్వవిద్యాలయములకును సాహిత్యసంస్థలకును సాధ్యమగు పని. తెలుగు పాఠకులకును ఒక మనవి. పాపికొండలకు విహారమునకు పోవునప్పుడు లాంచి యాగిన ప్రతిరేవునను దిగుడు; వెదురుపూవు కొన్నచో బేరమాడకుడు; అమ్మిన ఆమెను ఆమె యూరి పేరు అడిగి, ఆ యూరు ఇప్పుడెక్కడ నున్నదో విచారించి, వ్రాసి యుంచుకొనుడు; ఆ యూరివారికి రావలసినది ముట్టినదో లేదో మీ శాసనసభ్యుని అడుగుడు.